చిన్న కట్టడానికి ఇనుము కొనేటప్పుడు లెక్క ఎక్కడ వేయాలి

ఒక చిన్న ఇల్లో, ఉన్న ఇంటికి మరో గదో, ప్రహరీ గోడో, నీళ్ల తొట్టో కట్టించుకునేవారు ఇనుము దగ్గరికి వచ్చేసరికి ముందుగా అడిగేది కిలో ఎంత అనే. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. కాంక్రీటు పనిలో ఒక్కసారిగా పెద్ద మొత్తం బయటకు పోయేది ఇనుము మీదే కాబట్టి, నాలుగు చోట్ల రేటు అడిగి తక్కువ చెప్పినచోట కొనాలనుకోవడం ఎవరికైనా సహజం. అయితే ఆ ప్రశ్నకు దొరికే జవాబును బట్టి ఏది చౌకో, ఏది ఖరీదో తేలదన్నది నా వాదన. ఇనుమును కిలోల్లో తూచి కొంటాం గానీ, కట్టడంలో అది పని చేసేది బరువుగా కాదు. ఎంత పొడవున, ఎంత అడ్డుకోత వైశాల్యంతో (అడ్డంగా కోస్తే కనిపించే ముఖం వైశాల్యం), కాంక్రీటులో సరిగ్గా ఏ ఎత్తున ఉందో, ఆ మూడింటిని బట్టే అది భారం మోస్తుంది. ఈ మూడూ చూడకుండా కిలో రేటు మీద బేరం ఆడి మిగిల్చిన డబ్బు, కోతల్లో తుక్కుగానో, అక్కరలేని గ్రేడు రూపంలోనో, చోటు తప్పిన కమ్మిగానో తిరిగి పోతుంది.

ముందు తూకం సంగతే చూద్దాం, ఎందుకంటే మోసానికీ పొరపాటుకీ ఎక్కువ వీలున్నది అక్కడే. ఉక్కు సాంద్రత ఘనమీటరుకు 7850 కిలోలు. దాన్నుంచి వచ్చిన సూత్రం కమ్మి పని చేసే ప్రతివారికీ తెలిసినదే: కమ్మి వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరు పొడవుకు బరువు కిలోల్లో వస్తుంది. 8 ఎంఎం కమ్మి మీటరుకు 0.395 కిలోలు, 10 ఎంఎం 0.617, 12 ఎంఎం 0.888, 16 ఎంఎం 1.58 కిలోలు ఉండాలి. 12 మీటర్ల పొడవున్న 12 ఎంఎం కమ్మి ఒక్కొక్కటి 10.66 కిలోల దగ్గర తూగాలి. ఏ మిల్లు అయినా ప్రతి కమ్మినీ గ్రాముతో సహా ఈ అంకెకు సరిపెట్టి తీయలేదు కనుక ప్రమాణాలు కొంత తేడాను ఒప్పుకుంటాయి. భారతీయ ప్రమాణం ఐఎస్ 1786 ప్రకారం ఒక సరుకు మొత్తం మీద సగటున 10 ఎంఎం వరకు 7 శాతం, 10 దాటి 16 ఎంఎం వరకు 5 శాతం, ఆపై సైజులకు 3 శాతం ఎక్కువ తక్కువలు ఉండవచ్చు. విడిగా ఒక్క కమ్మిని తీసుకుంటే తగ్గుదల మరొక్క శాతం దాకా చెల్లుతుంది.

ఈ కొద్దిపాటి శాతాలు కిలో రేటు మీద సాగే బేరాన్ని ఎలా తలకిందులు చేస్తాయో గమనించండి. రేటును రూపాయల్లో కాకుండా, పోలిక కోసం పాళ్లలో చెబుతాను: ఒక చోట 12 ఎంఎం కమ్మి కిలో వంద పాళ్లు అన్నారనుకుందాం. అది మీటరుకు 0.93 కిలోలు తూగుతోంది. ఇంకొక చోట కిలో నూటమూడు పాళ్లు అన్నారు. అక్కడి కమ్మి సరిగ్గా 0.888 కిలోలు తూగుతోంది. మొదటి చోట మీటరుకు 93 పాళ్లు పడితే, రెండో చోట 91.5 పాళ్లే పడుతుంది. నక్షాలో ఉన్నది ఇన్ని మీటర్ల 12 ఎంఎం కమ్మి కావాలనే తప్ప ఇన్ని కిలోలు కావాలని కాదు కదా. కనుక రేటు ఎక్కువ చెప్పిన రెండో దుకాణమే చౌక. బరువెక్కిన కమ్మిలో కాస్త అదనపు బలం వచ్చే మాట నిజమే గానీ, ఇంజనీరు అడగని బలానికి డబ్బు కట్టడం పొదుపు ఎలా అవుతుంది?

బరువు తగ్గిన కమ్మి కథ వేరు. కిలోల్లో కొనేటప్పుడు అది కొనేవారికి లాభంగా కనిపిస్తుంది, అదే డబ్బుకు ఎక్కువ మీటర్లు వస్తాయి కాబట్టి. కానీ బరువులో తగ్గిన ప్రతి శాతమూ అడ్డుకోత వైశాల్యంలో తగ్గినట్టే. 12 ఎంఎం కమ్మికి ఉండాల్సిన వైశాల్యం 113 చదరపు మిల్లీమీటర్లు. ఆరు శాతం తగ్గితే అది 106కు దిగుతుంది, అంటే మన చేతికి వచ్చింది నిజానికి 11.6 ఎంఎం కమ్మి. ప్రమాణం ఒప్పుకున్న హద్దులో ఉన్నంతవరకు ఇంజనీరు లెక్కలోని భద్రతా గుణకాలు దీన్ని మోస్తాయి, హద్దు దాటితే మోయవు. ఇక ముక్కల లెక్కన, అంటే కమ్మికి ఇంత అని అమ్మేచోట బరువు తగ్గిన సరుకు కొంటే డబ్బూ పోయింది, బలమూ పోయింది. కాబట్టి ముక్కల లెక్కన ఎప్పుడూ కొనవద్దనే నేను చెబుతాను. కొనక తప్పకపోతే రెండు మూడు కమ్ములను తూచి చూడకుండా బండికి ఎత్తించవద్దు.

ఈ పరీక్షకు పెద్ద పరికరాలేవీ అక్కరలేదు. కట్ట మధ్యలోంచి ఏదో ఒక కమ్మి తీసి, సరిగ్గా మీటరు ముక్క కోయించి, మామూలు ఎలక్ట్రానిక్ కాటా మీద పెడితే చాలు. కాలిపర్‌తో వ్యాసం కొలవడం కంటే ఇదే నమ్మదగినది. కమ్మి మీద ఉబ్బెత్తు గీతలు ఉండటం వల్ల కాలిపర్ ఎక్కడ పెడితే అక్కడ ఒక కొత్త అంకె చూపిస్తుంది, తూకం మాత్రం మొత్తం లోహాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. 

తరువాతది గ్రేడు. దుకాణాల్లో 415, 500, 550, 600 అని వినిపించే అంకెలు కమ్మి మళ్లీ వెనక్కి రాకుండా సాగడం మొదలుపెట్టే ఒత్తిడిని మెగాపాస్కల్‌లలో చెబుతాయి. పాతకాలపు నున్నని కమ్మికి ఇది 250 దగ్గర ఉండేది. ఎర్నెస్ట్ రాన్సమ్ అనే ఇంజనీరు 1884లో అమెరికాలో చదరపు కడ్డీని మెలిపెట్టి వాడే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. మెలి వల్ల కాంక్రీటుతో పట్టు పెరగడమే కాదు, చల్లగా ఉన్నప్పుడు మెలిపెట్టడం వల్ల ఉక్కు గట్టిపడుతుంది కూడా. తరువాతి కాలంలో టార్ కమ్మి అని అందరూ పిలిచినది ఈ తోవలో వచ్చినదే. అయితే అలా చల్లగా మెలిపెట్టి సంపాదించిన బలానికి సాగే గుణం కొంత ఖర్చయిపోతుంది. 1970లలో బెల్జియంలోని పరిశోధకులు టెంప్‌కోర్ అనే పద్ధతిని తెచ్చాక ఈ ఇబ్బంది చాలావరకు తీరింది: మిల్లులోంచి ఎర్రగా బయటికి వస్తున్న కమ్మిని నీటి ధారల గుండా ఒక్క క్షణం నడిపిస్తే పైపొర గట్టిపడుతుంది, లోపల మిగిలిన వేడి బయటికి వస్తూ ఆ పైపొర పెళుసుదనాన్ని తగ్గిస్తుంది, మధ్యభాగం మెత్తగా, సాగేదిగా ఉండిపోతుంది. ఇప్పుడు టీఎంటీ పేరుతో దొరికే కమ్మికి మూలం ఇదే.

గ్రేడు పెరిగితే ఇనుము తగ్గుతుంది, ఆ మేరకు ఖర్చు తగ్గుతుంది అన్నది అమ్మేవారి వాదన. కాగితం మీద అది నిజమే: 415 నుంచి 500కు వెళితే, అదే లాగుడు బలానికి కావలసిన వైశాల్యం 17 శాతం తగ్గుతుంది. కానీ చిన్న కట్టడంలో ఆ 17 శాతం పూర్తిగా చేతికి అందదు, దానికి కారణాలు మూడు ఉన్నాయి. మొదటిది కనీస ఇనుము నియమం. 125 ఎంఎం మందం ఉన్న స్లాబులో, వేడికీ ఎండుదలకూ వచ్చే పగుళ్లను ఆపడానికి కాంక్రీటు అడ్డుకోతలో 0.12 శాతం ఇనుము ఉండి తీరాలని కాంక్రీటు పనికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది, అంటే మీటరు వెడల్పుకు 150 చదరపు మిల్లీమీటర్లు. అసలు కమ్ముల మధ్య దూరం ఎట్టి పరిస్థితిలోనూ 300 ఎంఎం దాటకూడదన్న నియమం కూడా ఉంది కనుక 8 ఎంఎం కమ్మిని ఆ దూరంలో వేస్తే 167 చదరపు మిల్లీమీటర్లు వస్తుంది. చిన్న గదుల స్లాబుల్లో చాలాచోట్ల లెక్క ఈ హద్దుల దగ్గరికే వచ్చి ఆగుతుంది. అక్కడ గ్రేడు 415 అయినా 550 అయినా పడే కమ్ములు అవే, తేడా కేవలం చెల్లించే డబ్బులోనే.

రెండోది అతుకుల సంగతి. కమ్మి ఎంత ఎక్కువ ఒత్తిడి మోస్తే, ఆ ఒత్తిడిని కాంక్రీటులోకి దించడానికి అంత ఎక్కువ పొడవు కాంక్రీటులో పాతుకుని ఉండాలి. 20 మెగాపాస్కల్ బలం ఉన్న కాంక్రీటులో 415 గ్రేడు గరుకు కమ్మికి ఈ పొడవు వ్యాసానికి 47 రెట్లయితే, 500 గ్రేడుకు 57 రెట్లు. 12 ఎంఎం కమ్మి విషయంలో ఇది 56 సెంటీమీటర్ల నుంచి 68 సెంటీమీటర్లకు పెరగడం. చిన్న కట్టడంలో పిల్లరు ఎత్తు తక్కువ, బీము పొడవు తక్కువ, అతుకులూ కొక్కేలూ ఎక్కువ. మిగిలిందనుకున్న ఇనుములో కొంత ఇలా ల్యాపుల్లోకి, అంటే ఒక కమ్మి పక్కన మరో కమ్మిని ఆనించి వేసే అతుకుల్లోకి పోతుంది. మూడోది చాలామంది గమనించనిది. ఉక్కు బిగువు, అంటే లాగినప్పుడు ఎంత సాగుతుందో చెప్పే గుణకం, అన్ని గ్రేడులకూ ఒకటే, సుమారు 200 గిగాపాస్కల్. ఎక్కువ గ్రేడు వేసి ఇనుము తగ్గించిన స్లాబులో కమ్మి ఎక్కువగా సాగుతుంది, స్లాబు ఎక్కువగా వంగుతుంది, పగుళ్లు వెడల్పవుతాయి. వంపుకు భయపడి స్లాబు మందం పెంచితే, ఇనుములో మిగిలింది కాంక్రీటులో పోతుంది.

అందుకని రెండు మూడు అంతస్తుల లోపు కట్టడానికి 550, 600 గ్రేడుల మీద మోజు పడటంలో అర్థం లేదని నా అభిప్రాయం. 415 గానీ 500 గానీ సరిపోతాయి. ఏది వాడాలో నక్షాలోనే రాసి ఉంటుంది, దాన్ని దుకాణంలో మార్చకూడదు. కాస్త అదనంగా డబ్బు పెట్టదలిస్తే దాన్ని అంకె మీద కాకుండా, అంకె పక్కనుండే అక్షరం మీద పెట్టాలి. ఐఎస్ 1786లో 500 గ్రేడు కమ్మి తెగేలోగా కనీసం 12 శాతం సాగాలి. 500డి అయితే 16 శాతం సాగాలి. 550 మామూలు రకానికి ఈ కనీసం 10 శాతమే. సాగడం మొదలైన తరువాత కూడా కమ్మి ఇంకెంత భారం పెంచుకోగలదో చెప్పే నిష్పత్తి 500కు 1.08, 500డికి 1.10. ఉక్కును పెళుసుగా చేసే గంధకం, భాస్వరం రెండూ కలిపి 500లో 0.105 శాతం వరకు ఉండవచ్చు, 500డిలో 0.075 శాతం దాటకూడదు. ఇదే ఆలోచన ఇతర దేశాల ప్రమాణాల్లోనూ ఉంది: బ్రిటన్ ప్రమాణంలో బి500ఎ, బి500బి, బి500సి మూడింటి బలమూ ఒకటే, సాగే గుణమే తేడా, అమెరికాలో భూకంప ప్రాంతాల కోసం ఉన్న ఏఎస్‌టీఎం ఏ706 అనే ప్రమాణంలోని మామూలు గ్రేడు కమ్మి, సాగడం మొదలైన ఒత్తిడికి ఒకటింపావు రెట్లు మోయగలగాలి.

ఈ సాగే గుణానికి అంత విలువ ఎందుకంటే, కట్టడం కూలే ముందు మనకు చెప్పేది అదొక్కటే. సాగే కమ్మి ఉన్న బీము మోయలేని బరువు పడ్డప్పుడు వంగుతుంది, పగుళ్లు విప్పుతుంది, చూసినవారికి బయటపడే వ్యవధి ఇస్తుంది. భూమి కంపించినప్పుడు ఆ శక్తిని మింగేది కూడా కమ్మి సాగడమే. పెళుసు కమ్మి ఈ రెండూ చేయదు, తెగిపోతుంది. చిన్న కట్టడాల్లో నక్షా లెక్కకూ కట్టిన పనికీ మధ్య తేడాలు మామూలే కాబట్టి, ఈ గుణం పెద్ద భవనాలకంటే వీటికే ఎక్కువ అవసరమని నేను అనుకుంటాను.

ఖనిజం నుంచి తీసిన ఉక్కు మంచిది, తుక్కు కరిగించి చేసింది చెడ్డది అని ప్రకటనలు ఊదరగొడతాయి. ఇది సగం నిజం. అమెరికాలో కట్టడాల్లో వాడే కమ్మి దాదాపు అంతా తుక్కును ఎలక్ట్రిక్ ఆర్క్ కొలిమిలో కరిగించి చేసిందే, అక్కడి వంతెనలూ భవనాలూ దానితోనే నిలబడ్డాయి. తుక్కు వాడటం కాదు అసలు సమస్య. కరిగించిన తరువాత శుద్ధి చేశారా, ప్రతి పోతనూ, అంటే ఒక్కో విడత కరిగించిన లోహాన్నీ, రసాయన పరీక్ష చేసి చూశారా అన్నది. ఇండక్షన్ కొలిమి కరిగించడం బాగా చేస్తుంది గానీ గంధకం, భాస్వరం తొలగించే శక్తి దానికి చాలా తక్కువ. లోపలికి వెళ్లిన తుక్కు ఎలాంటిదైతే బయటికి వచ్చేదీ అలాంటిదే, మధ్యలో శుద్ధి చేసే ఏర్పాటు విడిగా లేకపోతే. చైనా ఇలాంటి కొలిముల్లో తయారయ్యే నాసిరకం ఉక్కు తయారీని 2017లో మూయించింది. కాబట్టి చిన్న మిల్లు సరుకు అని తోసిపుచ్చనక్కరలేదు, పెద్ద పేరు అని కళ్లు మూసుకుని కొననక్కరలేదు. కమ్మి మీద మిల్లు గుర్తూ గ్రేడూ ఉబ్బెత్తుగా పోతపోసినట్టు ఉన్నాయా, కట్టకు వేలాడే చీటీలో పోత సంఖ్య ఉందా, ఆ సంఖ్యకు సంబంధించిన పరీక్షా పత్రం దుకాణదారు చూపించగలడా అని అడగాలి. పత్రంలోని పోత సంఖ్యా చీటీలోని సంఖ్యా కలవకపోతే ఆ పత్రం ఇంకెవరి సరుకుదో. అనుమానం ఉంటే ప్రతి సైజులో రెండేసి ముక్కలు ప్రయోగశాలకు పంపవచ్చు. లాగుడు, వంపు పరీక్షలకయ్యే ఖర్చు మొత్తం ఇనుము ఖర్చు పక్కన పెడితే లెక్కలోకి రాదు.

ఇప్పటిదాకా చెప్పింది నష్టపోకుండా ఉండటం గురించి. నిజంగా మిగిలే చోటు కోత జాబితా, అదీ ఇనుము కొనకముందు తయారుచేసింది. ఒక ఉదాహరణ తీసుకుందాం. బీముకు కింది కమ్మి, రెండు చివరల వంపులతో కలిపి 4.1 మీటర్లు కావాలని తేలింది. 12 మీటర్ల కమ్మిలోంచి రెండు ముక్కలు వస్తాయి, 3.8 మీటర్లు మిగులుతుంది. ఆ మిగులుకు ఇంకెక్కడా పని దొరక్కపోతే మూడో వంతు కమ్మి తుక్కే. అదే గది కొలతను నక్షా దశలో పది సెంటీమీటర్లు తగ్గించి కమ్మిని 4 మీటర్లకు తెచ్చి ఉంటే సరిగ్గా మూడు ముక్కలు, తుక్కు సున్నా. గదిలో పది సెంటీమీటర్ల తేడా ఎవరికీ తెలియదు, ఇనుము బిల్లులో మాత్రం తెలుస్తుంది. గది కొలత మార్చడానికి వీల్లేకపోతే ఆ 3.8 మీటర్ల ముక్క ఏ లింటల్‌కు, ఏ ఆధారం పైన వేసే అదనపు కమ్మికి పనికొస్తుందో ముందే రాసుకోవాలి. పని మొదలయ్యాక, ఎండలో, కాంక్రీటు మిక్సరు ఆగి ఉండగా ఎవరూ ఈ లెక్క వేయరు; చేతికందిన నిండు కమ్మిని కోసేస్తారు. ఆ పని చేసేవారిని తప్పుపట్టలేం, వారికి జాబితా ఇవ్వనిది మనమే.

కమ్మి సైజులు తగ్గించడం కూడా ఇందులో భాగమే. ఒక చిన్న ఇంటి నక్షాలో 8, 10, 12, 16, 20 ఎంఎం అన్నీ ఉంటే ప్రతి సైజులోనూ కొంత మిగులుతుంది, 10 వేయాల్సినచోట 8 పడే ప్రమాదం ఉంటుంది. 8, 12, 16తో సర్దుకునేలా నక్షా గీయమని ఇంజనీరును అడగవచ్చు. స్లాబులో 10 ఎంఎం కమ్మిని దూరందూరంగా వేయడం కంటే 8 ఎంఎం దగ్గరదగ్గరగా వేయడం, బరువు సమానమే అయినా, పగుళ్లను సన్నగా ఉంచుతుంది: 8 ఎంఎం 150 దూరంలో వేసినా, 10 ఎంఎం సుమారు 235 దూరంలో వేసినా మీటరు వెడల్పుకు వచ్చేది దాదాపు 335 చదరపు మిల్లీమీటర్లే. అయితే ఈ మార్పులు చేయాల్సింది ఇంజనీరు, దుకాణంలో సరుకు లేదని అప్పటికప్పుడు మనం కాదు.

పొదుపు పేరుతో ముందుగా కత్తెర పడేది రింగులకు, అంటే పొడవు కమ్ముల చుట్టూ వంచి కట్టే కమ్ములకు. 230 ఎంఎం వెడల్పు, 300 ఎంఎం లోతు, మూడున్నర మీటర్ల పొడవున్న మామూలు బీమునే తీసుకుందాం. 150 దూరంలో రింగులు వేస్తే 24 పడతాయి, 250 దూరంలో వేస్తే 15. ఒక్కో రింగుకు సుమారు 93 సెంటీమీటర్ల 8 ఎంఎం కమ్మి పడుతుంది కనుక, తొమ్మిది రింగులు మానేస్తే మిగిలేది మూడు కిలోల పైచిలుకు. ఆ మూడు కిలోలకు బదులుగా వదులుకుంటున్నది ఏమిటి? కోత బలం (బీమును అడ్డంగా తెంపాలని చూసే బలం) వల్ల ఆధారాల దగ్గర బీములో పగులు సుమారు 45 డిగ్రీల వాలున పుడుతుంది. రింగుల మధ్య దూరం బీము లోతుకు దగ్గరగా వచ్చేసరికి ఆ పగులు ఏ రింగునూ సరిగా దాటకుండానే పైకి పోగలదు. అందుకే ఆ దూరం పనిచేసే లోతులో, అంటే బీము పైఅంచు నుంచి అడుగు కమ్మి మధ్యకు ఉన్న దూరంలో, ముప్పావు వంతు దాటకూడదని నియమం పెట్టారు. ఈ బీముకు అది 195 ఎంఎం చుట్టుపక్కల. కోత వల్ల వచ్చే కూలుడు వంపు వల్ల వచ్చేదానిలా ముందుగా చెప్పి రాదు. రింగు చివరలను 90 డిగ్రీల దగ్గర ఆపేయకుండా 135 డిగ్రీలు వంచి లోపలికి దించడం కూడా ఇలాంటిదే. ఖర్చు కొన్ని అంగుళాల కమ్మి, ఫలితం భూకంపంలో పైకాంక్రీటు రాలిపోయినా రింగు విప్పుకోకుండా ఉండటం.

నా దృష్టిలో అన్నిటికంటే చవకైన ఇనుము, కమ్మికీ కాంక్రీటు బయటి అంచుకూ మధ్య ఉండాల్సిన దూరాన్ని (కవరును) నిలిపే కవర్ బ్లాకులూ, కమ్మిని పైన నిలబెట్టే ఛైర్లూ. వీటిని ఎవరూ ఇనుము లెక్కలో రాయరు, కానీ కొన్న ఇనుము పని చేసేది వీటి వల్లనే. గోడ నుంచి బయటికి వచ్చే సన్‌షేడ్ గానీ బాల్కనీ గానీ తీసుకోండి. అక్కడ లాగుడు పైభాగంలో ఉంటుంది, కాబట్టి అసలు కమ్మి పైన ఉండాలి. 100 ఎంఎం మందం, 20 ఎంఎం కవరు, 8 ఎంఎం కమ్మి అనుకుంటే అడుగు నుంచి కమ్మి మధ్యకు దూరం 76 ఎంఎం. కాంక్రీటు పోసేవారు దాని మీద నడిచి కమ్మిని 25 ఎంఎం కిందికి తొక్కేస్తే మిగిలేది 51. బలం ఇంచుమించు ఆ లోతును అనుసరించే తగ్గుతుంది, అంటే మూడో వంతు బలం బూటు కింద పోయింది. దాన్ని కమ్మి గ్రేడు పెంచి భర్తీ చేయాలంటే 500 చోట 750 గ్రేడు కావాలి, అలాంటిది దుకాణంలో దొరకదు. స్లాబులో దీనికి తలకిందులుగా, బ్లాకులు లేక కమ్మి సెంట్రింగ్ పలక మీద కూర్చుంటే, కాంక్రీటు రక్షణ లేని ఆ కమ్మి కొన్నేళ్లలో తుప్పు పట్టి ఉబ్బి పెచ్చులు ఊడగొడుతుంది. గులకరాళ్లూ రాతి ముక్కలూ పెట్టి సరిపెట్టడం మానేసి, సైజు ప్రకారం పోతపోసిన బ్లాకులు వాడటం మంచిది: స్లాబుకు 20, బీముకు 25, పిల్లరుకు 40, పునాదికి 50 ఎంఎం. నేలలో ఉప్పూ తేమా ఎక్కువగా ఉంటే ఈ కొలతలు పెరుగుతాయి.

దీనికి ఎదురు దిక్కున మరో అలవాటు ఉంది. గట్టిగా ఉండాలని నక్షాలో లేని కమ్ములు రెండు అదనంగా వేయించడం, చూసేవారికి శ్రద్ధలాగే కనిపిస్తుంది. బీము అడుగున ఇనుము ఒక హద్దు దాటితే, కమ్మి సాగకముందే పైన కాంక్రీటు నలిగిపోతుంది. ఇందాక చెప్పిన హెచ్చరిక వ్యవధి పోతుంది. అంత దూరం వెళ్లకపోయినా, 230 వెడల్పు బీములో కవరూ రింగూ పోను లోపల మిగిలే చోటు 164 ఎంఎం. 16 ఎంఎం కమ్ములు నాలుగు పక్కపక్కన వేస్తే సందులు 33 ఎంఎం చొప్పున ఉంటాయి, ఐదు వేస్తే 21కి పడిపోతాయి. 20 ఎంఎం కంకరకు కనీసం 25 ఎంఎం సందు కావాలి. కంకర పైనే ఆగిపోయి కింద తేనెతుట్టెలాంటి ఖాళీలు మిగిలితే ఆ ఐదో కమ్మి మిగిలిన నాలుగింటికీ చేటు.

తుప్పు గురించి ఒక మాట. గోధుమరంగు పలుచని తుప్పు చూసి సరుకు తిప్పి పంపనక్కరలేదు. తడి కాంక్రీటు క్షారగుణం ఆ పైపొరను నిలకడ చేస్తుంది, పట్టు కూడా ఏమీ తగ్గదు. వైరు బ్రష్షుతో రుద్దితే పెచ్చులుగా రాలేదీ, కింద గుంటలు కనిపించేదీ మాత్రం వద్దు. రుద్దిన తరువాత మీటరు ముక్కను తూచి పైన చెప్పిన హద్దులో ఉందో లేదో చూస్తే వాదన తేలిపోతుంది. కమ్ములను నేల మీద పడేయకుండా దిమ్మల మీద ఎత్తుగా పేర్చడం, పైన పట్టా కప్పడం ఖర్చులేని పనులు. పాత కట్టడం కూల్చి తీసిన కమ్మిని సాపు చేసి మళ్లీ వాడటం చౌకగా కనిపిస్తుంది. ఒకసారి వంగి, మళ్లీ సాపై, మళ్లీ వంగబోయే కమ్మిలో సాగే గుణం ఎంత మిగిలిందో ఎవరూ చెప్పలేరు కనుక భారం మోసేచోట దాన్ని వాడకూడదు. టీఎంటీ కమ్మిని వంచడం తేలిక అవుతుందని ఎర్రగా కాల్చడం కూడా ఇలాంటి తప్పే, మిల్లులో నీటిధారతో సంపాదించిన పైపొర బలం ఆ మంటలోనే పోతుంది.

ప్రత్యామ్నాయాల్లో చిన్న పనులకు నిజంగా ఆలోచించదగినది ఒకటే, ఫ్యాక్టరీలో వెల్డింగ్ చేసి వచ్చే మెష్. నేల మీద వేసే కాంక్రీటుకూ, సాదా స్లాబులకూ అది కూలీనీ సమయాన్నీ మిగులుస్తుంది, దూరాలు తప్పవు. గాజునార కమ్మి తుప్పు పట్టదు, తేలిక; కానీ దాని బిగువు ఉక్కులో నాలుగో వంతు చుట్టుపక్కలే ఉంటుంది, సాగకుండా తెగుతుంది, సైట్‌లో వంచడానికి వీలుకాదు. కాబట్టి లెక్క తిరిగి వేయకుండా ఉక్కు కమ్మి చోట దాన్ని పెట్టలేం. ఎపాక్సీ పూత కమ్మి పూత గీసుకుపోకుండా మోసి, వంచి, కట్టగలిగే చోటే పనికొస్తుంది, చిన్న సైట్‌లో అది అరుదు.

ఇక చివరగా, ఎప్పుడో వేయబోయే పై అంతస్తు కోసం పిల్లర్ల మీద ఆకాశంలోకి వదిలేసే కమ్ములు. వాటిని కొన్న డబ్బు అప్పుడే ఖర్చయింది, పని మాత్రం ఏ పదేళ్లకో. ఆలోగా ఎండకూ వానకూ అవి తినిపోతాయి, ముఖ్యంగా కాంక్రీటులోంచి బయటికి వచ్చే మొదలు దగ్గర, నీరు నిలిచేది అక్కడే కాబట్టి. పై అంతస్తు రెండు మూడేళ్లలో వస్తుందన్న నమ్మకం ఉంటే ల్యాపుకు కావలసినంత పొడవు మాత్రమే వదిలి, దాని చుట్టూ తరువాత తేలిగ్గా పగలగొట్టగలిగే పలుచని కాంక్రీటు దిమ్మ పోయించాలి. సిమెంటు పాలు పూయడం ఒకటి రెండు వానాకాలాలకు మించి ఆగదు. ఆ నమ్మకం లేకపోతే కమ్ములు వదలనే వద్దు. తరువాత అవసరమైనప్పుడు పిల్లరు తలను కొంత మేర పగలగొట్టి కమ్మిని బయటపెట్టి, మర కప్లర్లతో (రెండు కమ్ముల చివరలను కలిపే మరలున్న గొట్టాలతో) జోడించే వీలుందేమో ఇంజనీరును ఇప్పుడే అడిగి, అందుకు తగ్గట్టుగా పై చివరి కాంక్రీటును నక్షాలో గుర్తు పెట్టించుకోవాలి.